తప్పు మద్దెలది కాదు, గదిది!

కొత్త స్పీకర్లు కొనే ముందు పాత గదిని కొలిచి చూడటం మేలు

పంట చేతికొచ్చి నాలుగు డబ్బులు కళ్లజూసిన ఏడాది పల్లెల్లో చాలా ఇళ్లకు టీవీతోపాటు స్పీకర్ల పెట్టెలు కూడా వస్తున్నాయి. పట్నంలో దుకాణంవాడు వినిపించినప్పుడు కమ్మగా ఉన్న పాట, ఇంటికి తెచ్చి పెట్టేసరికి మరోలా మోగుతుంది. డప్పు దెబ్బకు కిటికీ రెక్కలు అదురుతాయిగాని పాటలో మాట తెలియదు. సినిమాలో ఎవరు ఏమన్నారో అర్థంకాక ఇంట్లో పెద్దవాళ్లు పక్కవారిని అడుగుతారు. కుర్రవాళ్లు సౌండు ఇంకా పెంచుతారు. గూబలు గుయ్యిమనడమే తప్ప మాట తేటపడదు. పైగా "తాతకు చెవుడొచ్చింది" అని ఒక నింద!

చివరకు ఆ పెట్టెలు పనికిరావని తేల్చి, అంతకంటె పెద్దవి కొనడానికి సిద్ధపడతారు. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఇక్కడ కొంచెం మార్చి చెప్పుకోవాలి. చాలా ఇళ్లలో లోపం పెట్టెలో ఉండదు. పెట్టెను ఉంచిన గదిలో ఉంటుంది. ముందు గదిని సరిచేసి, పెట్టె చోటు మార్చి, ఆ తరువాతనే మీటలు తిప్పితే పెద్ద ఖర్చు లేకుండానే సౌండు చాలావరకు బాగుపడుతుంది.

పెంకుటిల్లు వేరు, స్లాబు ఇల్లు వేరు

వెనుకటి ఇళ్లలో తాటాకు కప్పు, మట్టి గోడలు, మూలన ధాన్యం బస్తాలు, దండెం మీద బట్టలు, నులకమంచం మీద బొంతలు ఉండేవి. ఇవన్నీ శబ్దాన్ని తాగేసేవి. పెంకుటిల్లయితే పెంకుల సందుల్లోంచి శబ్దం కొంత బయటికి పోయేది.

నేటి స్లాబు ఇంట్లో పైన కాంక్రీటు, కింద టైల్స్, చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, కిటికీలకు అద్దాలు. వీటిలో ఏదీ శబ్దాన్ని తాగదు. బంతిని కొట్టినట్లు తిరగ్గొడుతుంది. ఒక మాట గోడలకు తగిలి వెనక్కి వచ్చేలోగా రెండో మాట బయలుదేరుతుంది. రెండూ కలిసి ముద్ద అవుతాయి.

దీన్ని ఎవరికి వారే పరీక్షించుకోవచ్చు. ఖాళీ గది నడుమ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టండి. "టప్" అని ఆగిపోతే గది మంచిదే. "టణణణ" అని సాగితే మాట అక్కడే చెడుతోందని గ్రహించాలి. కట్టడం శబ్దాన్ని ఎంతగా మార్చగలదో గోల్కొండ కోట చూసినవారికి తెలుసు. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్ వద్ద వినిపిస్తాయి. కట్టినవారి నేర్పు అక్కడ మేలు చేసింది. మన గదుల్లో ఆ ఆలోచనే లేకపోవడంతో కీడు జరుగుతోంది.

దిండ్లు మోసిన ప్రొఫెసరు

ఈ సంగతిని మొదట లెక్క కట్టినవాడు అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ సబైన్. 1895లో అక్కడ కొత్తగా కట్టిన ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో పాఠం ఒక్క ముక్క అర్థంకావడం లేదని విద్యార్థులు మొరపెట్టుకున్నారు. నోటినుంచి వచ్చిన శబ్దం అయిదున్నర సెకన్ల దాకా గదిలో తిరుగుతూనే ఉండేది. సబైన్ రాత్రివేళ వీధులు సద్దుమణిగాక పక్కనున్న నాటకశాలనుంచి కుర్చీల దిండ్లు మోయించి తెచ్చి పరిచేవాడు. ఆర్గాన్ గొట్టం ఊది, శబ్దం ఎప్పుడు చచ్చిపోతుందో గడియారం పట్టుకుని చెవితోనే కొలిచేవాడు. దిండ్లు పెరిగినకొద్దీ మోత తగ్గింది. గది ఎంత పెద్దది, అందులో శబ్దాన్ని తాగే వస్తువులు ఎన్ని అన్న రెండు లెక్కలతో మోత ఎంతసేపు ఉంటుందో ముందే చెప్పవచ్చని ఆయన తేల్చాడు. 1900లో ప్రారంభమైన బోస్టన్ సింఫనీ హాలు ఆ లెక్క ప్రకారమే రూపొందింది.

అందులో మనకు పనికొచ్చే నీతి ఒకటుంది. ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. స్పీకర్లకు ఎదురుగా ఉన్న గోడకు మందపాటి దుప్పటి మడతలు పడేలా వేలాడదీయవచ్చు. నేల మీద జంపఖానా పరచవచ్చు. గదిలో దూదిపరుపు ఉన్న మంచం వేయవచ్చు. ఈ మూడు పనులు చేసి మళ్లీ చప్పట్లు కొట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

బాస్ సంగతి వేరు

అయితే దుప్పట్లకు లొంగనిది ఒకటుంది. అదే బాస్. సెకనుకు 5,000 సార్లు కంపించే సన్నని శబ్దం అల పొడవు మూడంగుళాల లోపే. దాన్ని బొంత ఆపగలదు. సెకనుకు 48 సార్లు, అంటే 48 హెర్ట్జ్ వద్ద కంపించే బాస్ శబ్దం అల పొడవు దాదాపు 24 అడుగులు. దానికి బొంత ఒక లెక్క కాదు.

పన్నెండడుగుల పొడవున్న గదిలో ఈ 48 హెర్ట్జ్ శబ్దం ఎదురెదురు గోడల మధ్య సరిగ్గా ఇమిడి ఊయలలా ఊగుతుంది. మన ఎండలకు గాలిలో శబ్దం సెకనుకు సుమారు 1,150 అడుగులు పోతుంది. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఆ గది ఏ స్వరం దగ్గర గర్జిస్తుందో వస్తుంది. వెడల్పు పదడుగులైతే 57 హెర్ట్జ్. ఎత్తు కూడా పదడుగులే అయితే మళ్లీ అదే 57 దగ్గర రెండు గర్జనలు కలుస్తాయి. అందుకే నలుచదరపు గదుల్లో బాస్ మరీ బండగా మోగుతుంది.

ఈ స్వరాల వద్ద గోడకు ఆనుకుని కూర్చున్నవారికి బాస్ దంచినట్లుంటుంది. గది నట్టనడుమ కూర్చున్నవారికి అదే బాస్ మాయమవుతుంది. పెట్టెను మూలకు నెడితే మోత ఇంకా ఎక్కువవుతుంది. మూలనుంచి అడుగో రెండడుగులో ముందుకు జరిపితేనే తేడా కనిపిస్తుంది.

బాస్ పెట్టె విడిగా ఉన్నవారికి ఒక చిట్కా. రోజూ కూర్చునే చోట ఆ పెట్టెను ఉంచి పాట పెట్టాలి. తరువాత గోడల వెంబడి వంగి నడుస్తూ చెవి నేల దగ్గరగా పెట్టి వినాలి. ఎక్కడ బాస్ హెచ్చుతగ్గులు లేకుండా వినిపిస్తే అక్కడ పెట్టెను పెట్టి, మీ చోట మీరు కూర్చోవాలి. పెట్టె, చెవి చోట్లు మార్చుకున్నా ఫలితం ఒకటే.

కొలత ఎలా?

ఇందుకు ఇంట్లో ఉన్న రెండు సెల్‌ఫోన్లు చాలు. ఒకదానిలో కోరిన స్వరాన్ని పుట్టించే యాప్ పెట్టి స్పీకర్లకు కలపాలి. రెండోదానిలో సౌండు కొలిచే యాప్ పెట్టి, కూర్చునే చోట చెవి ఎత్తున ఉంచాలి. యాప్‌లో 'ఎ' కొలత, 'సి' కొలత అని రెండూ ఉంటే 'సి' ఎంచుకోవాలి. 'ఎ' కొలత బాస్‌ను తక్కువ చేసి చూపిస్తుంది.

సౌండు మాటల స్థాయిలో ఉంచి, మీట కదపకుండా 40, 50, 63, 80, 100, 125, 160, 200 హెర్ట్జ్ స్వరాలను వరుసగా మోగించి ఒక్కొక్కదాని డెసిబెల్స్ కాగితం మీద రాసుకోవాలి. గట్టిగా, ఎక్కువసేపు మోగిస్తే స్పీకరు కాలిపోయే ప్రమాదముంది. ఆపైన పెట్టె జరిపి మళ్లీ కొలవాలి.

ఫోను మైకు మాట్లాడటానికి చేసినది. లోతైన బాస్‌ను సరిగా పట్టదు. కనుక 40 వద్ద అంకెను 200 వద్ద అంకెతో పోల్చి తీర్పు చెప్పకూడదు. అదే స్వరం ఇక్కడ ఎంత, అక్కడ ఎంత అని పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది. కచ్చితంగా కావాలనుకునేవారు కొలతల మైకు కొని, కంప్యూటరులో ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ప్రోగ్రాము వాడవచ్చు.

మీటలు తిప్పే పద్ధతి

ఈక్వలైజరు మీటల వంతు ఇప్పుడు వస్తుంది. పాలు పొంగుతుంటే పొయ్యి మంట తగ్గిస్తాం. ఇదీ అంతే. ఎక్కడ మోత పొంగుతోందో ఆ మీటను మూడు నుంచి ఆరు డెసిబెల్స్ వరకు తగ్గించాలి. మూడు మీటలు తగ్గిస్తే మరుగునపడిన మాట దానంతటదే పైకి తేలుతుంది.

శబ్దం మాయమైన చోట మీట పైకి లేపితే బూడిదలో పోసిన పన్నీరే. అక్కడ గోడనుంచి వచ్చిన అల అసలు అలను కొట్టేస్తోంది. ఎంత పోసినా అంతా కొట్టుకుపోతుంది. పైగా పది డెసిబెల్స్ పెంచాలంటే యాంప్లిఫయరు పదింతల శక్తి ఇవ్వాలి. అది తాళలేక శబ్దం బొంగురుపోతుంది, చివరకు స్పీకరు కాలుతుంది. అలాంటి చోట పెట్టెనో మంచాన్నో జరపడమే మార్గం.

చెవులు, ఇరుగుపొరుగు

ఇది వినోదానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. మాట తేటగా ఉంటే సౌండు తగ్గించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు 80 డెసిబెల్స్ వారానికి 40 గంటలకు మించరాదు. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. ఒకసారి దెబ్బతిన్న వినికిడి మళ్లీ పూర్వపు స్థితికి రాదు.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ఇంట్లో వాడే సౌండు కూడా మన స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని అయిదుకు మించి దాటకూడదు. గోడ అవతల పరీక్షలకు చదివే పిల్లలు, నిద్రపట్టని వృద్ధులు ఉంటారు. వారిని అందరికంటె ఎక్కువ బాధించేది బాసే. ఎందుకంటే గోడలు దాన్ని ఆపలేవు.

కనుక ఈసారి స్పీకర్లు మార్చాలనిపించినప్పుడు దుకాణానికి పోయే ముందు ఒక పూట గదికి కేటాయించండి. చప్పట్లు కొట్టండి, బొంత వేలాడదీయండి, పెట్టె జరపండి, కొలవండి, పొంగిన మీట తగ్గించండి. తాతగారికి మాట వినిపించిందంటే కొత్త పెట్టెల ఖర్చు మిగిలినట్లే.