ఎన్‌ఎఫ్‌ఎల్ శాలరీ క్యాప్: అపోహలు – వాస్తవాలు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆటగాళ్ల జీతాలకు ఒక పరిమితి ఉంది. 1994లో 3.46 కోట్ల డాలర్లతో మొదలైన ఈ శాలరీ క్యాప్ 2025లో 27.92 కోట్లకు చేరింది. 32 జట్లకూ ఒకటే పరిమితి. దీనిపై అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి.

అపోహ: ఏ ఏడాదీ క్యాప్‌ను మించి ఒక్క డాలరు కూడా చెల్లించలేరు.
వాస్తవం: ఆటగాడి చేతికిచ్చే డబ్బు వేరు, క్యాప్‌లో రాసే లెక్క వేరు. సంతకం చేసినందుకు ఇచ్చే బోనస్‌ను ఒప్పంద కాలానికి, గరిష్ఠంగా ఐదేళ్లకు, సమానంగా పంచి చూపుతారు. ఐదేళ్ల ఒప్పందంలో 5 కోట్ల బోనస్ ఇస్తే ఒక్కో ఏడాది క్యాప్‌లో పడేది కోటి మాత్రమే.

అపోహ: అలాగైతే క్యాప్ పేరుకే ఉన్నట్టు.
వాస్తవం: వాయిదా వేయగలరే గానీ ఎగ్గొట్టలేరు. అదే ఆటగాణ్ని రెండేళ్లకే వదిలేస్తే మిగిలిన 3 కోట్లూ జట్టు లెక్కలోకే వస్తాయి. దీన్నే డెడ్ మనీ అంటారు. 2024లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదులుకున్న డెన్వర్ బ్రాంకోస్‌పై రెండేళ్లకు కలిపి పడిన డెడ్ మనీ దాదాపు 8.5 కోట్ల డాలర్లు.

అపోహ: పత్రికల్లో వచ్చిన మొత్తమంతా ఆటగాడికి ఖాయం.
వాస్తవం: 2020లో కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ ఒప్పందం విలువ పదేళ్లకు 50 కోట్ల డాలర్ల పైమాటే. అందులో ప్రోత్సాహకాలూ కలిసి ఉన్నాయి, గ్యారంటీ ఉన్నది కొంత భాగానికే.

అపోహ: ఈ ఏడాది ఖర్చు చేయని క్యాప్ మురిగిపోతుంది.
వాస్తవం: మిగిలినదాన్ని వచ్చే ఏడాదికి మళ్లించుకోవచ్చు.

అపోహ: ఖరీదైన తారలున్న జట్టే గెలుస్తుంది.
వాస్తవం: 2022లో రిసీవర్ టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చేసి కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అవకాశాలు తెచ్చుకున్న కాన్సస్ సిటీ చీఫ్స్, ఆ సీజన్‌లోనూ మరుసటి సీజన్‌లోనూ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. 2023 సీజన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోను ఫైనల్‌కు నడిపిన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ, 2022 డ్రాఫ్ట్‌లో 262వ, చివరి ఆటగాడు. ఆ సీజన్ జీతం 9 లక్షల డాలర్ల లోపే. అతనిపై మిగిలిన డబ్బే మిగతా స్థానాలను బలపరిచింది. 2025లో అతనికి ఐదేళ్లకు 26.5 కోట్ల ఒప్పందం దక్కింది. ఆ వెసులుబాటు అక్కడితో ముగిసింది.

డ్రాఫ్ట్‌లో సరైన కుర్రాళ్లను ఎంచుకోవడం, తారను సకాలంలో వదులుకోవడం తెలిసిన జట్టే నిలకడగా గెలుస్తుంది. ఇకపై భారీ ఒప్పందం వార్త కనిపిస్తే మొత్తాన్ని చూసి ఆగిపోకండి. గ్యారంటీ ఎంత, బోనస్ ఎన్నేళ్లకు పంచారు అన్నవి చూడండి. జట్టు భవిష్యత్తు తెలిసేది వాటిలోనే.