ట్రాలీ ఇరుసు జరిపే ముందు హుక్కు బరువు చూసుకోండి
వ్యవసాయ యాంత్రీకరణ పథకం – లబ్ధిదారులకు సమాచారం – గుంతకల్లు ప్రాంతం

ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ తీసుకున్న రైతులకు, రైతు గ్రూపులకు, వాటిని నడిపే డ్రైవర్లకు ఈ సమాచారం. ట్రాలీ ఊగుతోందనో, ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతున్నాయనో కొందరు నేరుగా వెల్డింగ్ షాపుకు పోయి ఇరుసు జరిపించేస్తున్నారు. అంతకు ముందు చేయాల్సిన పనులు ఉన్నాయి. చాలాసార్లు వాటితోనే సరిపోతుంది, ఇరుసు ముట్టుకునే పనే ఉండదు.

హుక్కు బరువు అంటే ఏమిటి?

ఎద్దుల బండి తోలినవారికి ఇది కొత్త విషయం కాదు. మూటలు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది. వెనక్కి ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయి. రెండు చక్రాల ట్రాలీ కూడా అంతే. ఎద్దుల మెడ ఉండే చోట ఇక్కడ ట్రాక్టర్ హుక్కు ఉంటుంది. ట్రాలీ మొత్తం బరువులో కొంత హుక్కు మీద, మిగతాది ఇరుసు మీద పడుతుంది. హుక్కు మీద పడే ఆ భాగమే హుక్కు బరువు.

నాలుగు చక్రాల ట్రాలీకి ఈ లెక్క వర్తించదు. దాని బరువంతా రెండు ఇరుసులే మోస్తాయి.

తక్కువైతే ఏమవుతుంది? ఎక్కువైతే ఏమవుతుంది?

తక్కువైతే: రోడ్డు మీద వేగం పెరగగానే ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. వంక దిగి గట్టు ఎక్కేటప్పుడు, రైల్వే వంతెన ఎక్కేటప్పుడు బరువు వెనక్కి మొగ్గుతుంది. అప్పుడు హుక్కు పైకి లాగుతుంది, ట్రాక్టర్ వెనక చక్రాలకు పట్టు పోతుంది. బ్రేకు పని చేసేది ఆ చక్రాల మీదే కాబట్టి ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయం.

ఎక్కువైతే: ట్రాక్టర్ ముందు చక్రాలు తేలుతాయి, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. హుక్కు వెనక ఇరుసుకు 65 సెంటీమీటర్లు వెనక ఉండి, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2 మీటర్లు ఉంటే, హుక్కు మీద పడే ప్రతి 100 కిలోలకు ముందు చక్రాల మీద సుమారు 32 కిలోలు తగ్గిపోతాయి.

ఎంత ఉండాలి?

కార్లు, జీపులు లాగే రెండు చక్రాల ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ట్రాక్టర్ ట్రాలీకి కూడా 10 శాతం దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. కానీ మీ ట్రాక్టర్ హుక్కు ఎంత బరువు మోయగలదో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. ఆ హద్దు దాటకూడదు.

వే బ్రిడ్జి మీద ఎలా తెలుసుకోవాలి?

లోడు ట్రాలీని హుక్కు నుంచి విప్పకుండానే చూడొచ్చు.

1. ట్రాలీ లేకుండా ట్రాక్టర్ ఒక్కదాన్ని తూకం వేయించండి. డ్రైవర్ సీట్లోనే ఉండాలి.
2. లోడు ట్రాలీ తగిలించి, ట్రాక్టర్ నాలుగు చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా నిలపండి.
3. తర్వాత ముందుకు పోనిచ్చి, ట్రాలీ చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచండి.

రెండో తూకంలోంచి మొదటిది తీసేస్తే హుక్కు బరువు వస్తుంది. దానికి మూడో తూకం కలిపితే ట్రాలీ మొత్తం బరువు వస్తుంది. కాటా ముందూ వెనకా నేల సమంగా ఉండాలి.

ఉదాహరణకు: ట్రాక్టర్ ఒక్కటే 2,200 కిలోలు. ట్రాలీ తగిలించాక 2,350. ట్రాలీ చక్రాల మీద 4,850. అంటే హుక్కు బరువు 150 కిలోలు, ట్రాలీ మొత్తం బరువు 5,000 కిలోలు. ఇది 3 శాతమే. తక్కువ.

ముందు మూటలు జరపండి

ఆ ట్రాలీలో హుక్కు నుంచి ఇరుసుకు 3.5 మీటర్లు ఉందనుకుందాం. లోడు 50 కిలోల శనగ మూటలు ఎనభై. వెనక చివర ఉన్న పది మూటలను రెండున్నర మీటర్లు ముందుకు తెచ్చి పేర్చితే చాలు, హుక్కు బరువు 150 నుంచి సుమారు 500 కిలోలకు వస్తుంది. అంటే 10 శాతం. ఇదే పని ఇరుసుతో చేయాలంటే దాన్ని సుమారు 27 సెంటీమీటర్లు వెనక్కి జరపాలి. మూటలు జరపడానికి పావుగంట పడుతుంది, ఖర్చు లేదు.

పత్తి, వేరుశనగ కట్టె వంటి తేలిక లోడు వెనక్కి వేలాడేలా పేర్చితే హుక్కు బరువు తగ్గిపోతుంది. ఆదోని యార్డుకు పత్తి తీసుకుపోయేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. నీళ్ల ట్యాంకర్ సగం నిండి ఉంటే నీళ్లు ఎక్కేటప్పుడు వెనక్కి, దిగేటప్పుడు ముందుకు పరుగెత్తుతాయి. లోపల అడ్డపలకలు లేని ట్యాంకర్‌ను నిండుగా గానీ ఖాళీగా గానీ నడపడం మేలు.

ఇరుసు జరపక తప్పకపోతే?

ఎలా పేర్చినా హుక్కు బరువు కుదరకపోతే, ఖాళీ ట్రాలీయే వెనక్కి మొగ్గుతుంటే, అప్పుడు ఇరుసు సంగతి చూడాలి.

• ఇరుసు వెనక్కి జరిపితే హుక్కు బరువు పెరుగుతుంది. ముందుకు జరిపితే తగ్గుతుంది.
• కొద్ది దూరం జరిపినా తేడా పెద్దది. పై ఉదాహరణలో 10 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే హుక్కు బరువు 150 నుంచి సుమారు 285 కిలోలు అవుతుంది.
• రెండు వైపులా కమాన్ కట్టలు సమానంగా జరగాలి. హుక్కు పిన్ను నుంచి ఇరుసు రెండు చివరలకూ టేపు పట్టి కొలవండి. తేడా ఉంటే ట్రాలీ పక్కకు ఈడుస్తుంది, టైర్లు త్వరగా అరిగిపోతాయి.
• చాసిస్ మీద ఎక్కడపడితే అక్కడ వెల్డింగ్ పెట్టించొద్దు. వేడికి ఇనుము బలం తగ్గి అక్కడే పగులు వస్తుంది.
• హైడ్రాలిక్ ట్రాలీ తొట్టి లేచినప్పుడు బరువు వెనక్కి పోతుంది. దాని ఇరుసును ముందుకు జరిపితే, తొట్టి లేపగానే హుక్కు పైకి లేచే ప్రమాదం ఉంది. తయారుచేసినవారిని అడగకుండా ముట్టుకోవద్దు.
• పని అయ్యాక మళ్లీ మూడు తూకాలూ వేయించండి.

కాగితాలు చూసుకోండి

ట్రాలీ కూడా రిజిస్ట్రేషన్ ఉన్న వాహనమే. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా మార్పు చేయడం మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 పరిధిలోకి వస్తుంది. కాబట్టి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. రాయితీ కింద తీసుకున్నదైతే మంజూరు పత్రంలోని షరతులు, బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు షరతులు, బీమా పత్రం కూడా చూసుకోండి. గ్రూపు పేరున ఉన్న ట్రాలీకి ఒక్కరే నిర్ణయం తీసుకోవద్దు.

ఎవరిని అడగాలి?

మీ ఊరి రైతు సేవా కేంద్రంలో గ్రామ వ్యవసాయ సహాయకులను అడగండి. మన జిల్లాలోనే గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. యంత్రాలు నడపడం, బాగుచేసుకోవడం మీద అక్కడ శిక్షణ ఇస్తారు. మీ గ్రూపు నుంచి డ్రైవర్‌ను పంపే వీలుందేమో కనుక్కోండి.

చివరి మాట: హుక్కు బరువు ఎంత బాగా కుదిరినా ట్రాలీలో మనుషుల్ని ఎక్కించొద్దు. కూలీలను పొలానికి తీసుకుపోవడానికి ఆటో గానీ బస్సు గానీ చూసుకోండి. ట్రాలీ సరుకు కోసమే.

ఈ సమాచారాన్ని మీ గ్రూపులోని డ్రైవర్లకు కూడా ఫోన్‌లో పంపండి.