పాడి ప్రణాళిక: వట్టిపోవు కాలమును లెక్కలో చేర్చుడు

రైతులారా! అప్పు చేసి పాడి పెట్టదలచువారు ముందుగా వ్యాపార ప్రణాళిక వ్రాసికొనవలెను. ఇది బ్యాంకు అధికారికి చూపుటకు మాత్రమే కాదు. వాయిదాలు చెల్లించలేనిచో హామీగా పెట్టిన ఆస్తికే ముప్పు వాటిల్లును.

హైదరాబాదు తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతమును తీసికొందము. నాచారంలో పారిశ్రామికవాడ వెలసినది. 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘము గ్రేటర్ హైదరాబాదులో కలిసినది. 2017లో ఉప్పల్‌కు మెట్రో రైలు వచ్చినది. జనము పెరిగినకొలది పాలకు గిరాకీ పెరుగును, కాని కొట్టమునకు, మేతకు చోటు తగ్గును. కనుక ప్రణాళికలో ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండవలెను.

1. పాలు ఎవరు కొందురు? ఇండ్లకు, హోటళ్లకు, పాల కేంద్రమునకు ఎన్నెన్ని లీటర్లు, ఏ ధరకు పోవునో విడివిడిగా వ్రాయుడు. బాకీలు ఎన్నాళ్లకు వసూలగునో కూడ వ్రాయుడు.

2. మేత ఎచ్చటిది? మూసీ ఒడ్డున పెంచు పారా గడ్డి ఈ ప్రాంతపు పశువులకు చిరకాలముగా ఆధారము. ఆ నీటిలో నగరపు మురుగు కలియును గాన, కొను గడ్డి ఏ నీటితో పెరిగినదో విచారింపుడు. వేసవి ధరను తప్పక చేర్చుడు.

3. పాలు ఎన్ని? ఇచ్చటనే పలువురు పొరబడుదురు. నాలుగు గేదెలు, ఒక్కొక్కటి 7 లీటర్లు, మొత్తము దినమునకు 28 లీటర్లని వ్రాయుదురు. గేదె సుమారు 300 దినములు పాలిచ్చి, తరువాత వట్టిపోవును. ఈతకు ఈతకు మధ్య 420 దినములనుకొన్నచో, నాలుగింటి పాలు 8,400 లీటర్లు. దినమునకు సగటు 20 లీటర్లే. లీటరు 70 రూపాయలైన రాబడి 1,400. వట్టిపోయిన గేదె కూడ మేయును గదా! ఒక్కొక్కదానికి మేత, దాణా 200 చొప్పున 800, మందులు, బీమా, రవాణాకు 150 పోగా మిగులునది 450. నెలకు 13,500 రూపాయలు. 28 లీటర్ల లెక్కను నమ్మి నెలకు 18,000 వాయిదాకు ఒప్పుకొన్నవారికి నెలనెలా 4,500 లోటు పడును. ఇంటివారి కూలి ఇందులో చేర్చనే లేదు. ఈ ధరలు ఉదాహరణకే. మీ ఊరి ధరలు వేసి చూచుకొనుడు.

4. అప్పు ఎట్లు? నాలుగు గేదెలను ఒకేసారి కొనక, రెండింటిని ముందు, రెండింటిని ఐదారు నెలలకు కొన్నచో అన్నియు ఒకేమారు వట్టిపోవు. గేదెలకు దీర్ఘకాలపు అప్పును, దాణా ఖర్చుకు కిసాన్ క్రెడిట్ కార్డును అడుగుడు. 1998లో ఆరంభమైన ఈ కార్డును 2018-19లో పశుపోషకులకును వర్తింపజేసిరి.

గ్రామాధికారులు దరఖాస్తు చూచునప్పుడు వట్టిపోవు దినముల లెక్క ఉన్నదా యని మొదట అడుగవలెను. లేనిచో తిరిగి వ్రాయించుడు. పాలు తగ్గిన నెలలో కూడ చెల్లింపగల వాయిదాయే రైతుకు తగిన వాయిదా.