కొండదారిలో నూరు మైళ్ళు

సైకిలు మనకు కొత్త వస్తువు కాదు. పాలకేన్లు, గడ్డిమోపులు, బడిపిల్లలు, అన్నీ దాని మీదనే సాగిన ఇండ్లు మనలో అనేకము. అదే సైకిలును రాళ్ళలో, కొండదారులలో, ఒక్క పగటిలో నూరు మైళ్ళు తొక్కే పందెము ఒకటి కలదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రములో, లెడ్‌విల్ అనే చిన్న ఊరిలో, ఆగస్టు నెలలో అది జరుగుతుంది. మొదటిసారి దానిలో దిగేవాని పాట్లను గూర్చి ఈ నెల చెప్పదలచాము.

ముందు ఆ ఊరి సంగతి. మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ ఎత్తు 4,000 అడుగుల పైచిలుకు. లెడ్‌విల్ ఊరే 10,152 అడుగుల ఎత్తున ఉన్నది. ఉక్కును గట్టిపరచే మాలిబ్డినము అనే లోహము తీసే క్లైమాక్స్ గని ఆ ప్రాంతానికి అన్నము పెట్టేది. 1982లో గని పని నిలిచిపోయి వేలమంది జీతాలు పోయాయి. ఆ గని పనివారిలో ఒకడైన కెన్ క్లోబర్ 1983లో నూరు మైళ్ళ పరుగు పందెము పెట్టించాడు. అంత దూరము పరుగెత్తడానికి వచ్చినవారు రాత్రి ఊరిలో నిలువక తప్పదు. నిలిచినవారు భోజనము కొనక తప్పదు. ఆయన లెక్క అదీ! మొదటి ఏడు బయలుదేరినవారు 45 మంది, ముగించినవారు 10 మంది. 1994లో సైకిలు పందెము చేర్చారు. 2012లో గని మళ్ళీ తెరిచారు గాని, పందెము ఊరికి మిగిలిపోయింది.

ఉదయము బయలుదేరినవారు 12 గంటలలో తిరిగి చేరాలి. చేరినవారికి నడుము పట్టీకి పెట్టుకొనే బిళ్ళ ఇస్తారు. దారి మధ్యలో కూడా గడువులున్నాయి. ఆ వేళకు రానివారిని అక్కడే ఆపివేస్తారు. గనుక కొత్తవాని పోటీ గడియారముతోనే.

అయితే గడువును తలచుకొని మొదట్లోనే వేగము పెంచినవాడు చెడిపోతాడు. ఆరంభములో తారురోడ్డు, పల్లము, చుట్టూ వేయిమందికి పైగా జనము. కాళ్ళు తేలికగా ఉంటాయి. కొండ ఎక్కగానే గాలి సంగతి తెలుస్తుంది. ఆ ఎత్తున ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు, సముద్రతీరములో కంటే దాదాపు మూడవ వంతు తక్కువ. పల్లపు ప్రాంతాలవారు కొందరు కొన్ని వారాల ముందే వచ్చి ఒంటిని అలవాటు చేసుకొంటారు.

సగము దారిలో కొలంబైన్ ఎక్కుడు ఉన్నది. సుమారు ఎనిమిది మైళ్ళలో 3,000 అడుగులకు పైగా ఎక్కాలి. పైన చెట్టన్నది మొలవదు. చివర రాళ్ళలో అనేకులు దిగి సైకిలు నెట్టుకొంటూ నడుస్తారు. కొత్తవానికి ఇది సిగ్గుగా తోచవచ్చును. అంత నిటారులో తొక్కేవాని వేగము, నడిచేవాని వేగము ఇంచుమించు ఒకటే. నడిచేవాని గుండెకు శ్రమ తక్కువ. తిరుగు దారిలో పవర్‌లైన్ అనే మిట్ట ఇంకొకటి. అప్పటికి డెబ్బై మైళ్ళకు పైగా తొక్కి ఉంటారు గనుక, నడకకు దాచుకొన్న బలమే అక్కడ అక్కరకు వస్తుంది.

తిండి విషయము మరీ ముఖ్యము. కండరాలలో, కాలేయములో నిలువయున్న చక్కెర గట్టి శ్రమకు రెండు గంటలు సరిపడితే గొప్ప. ఆకలి వేసేవరకు ఆగితే ఆలస్యమే. అరగంటకొకసారి కొంచెము తినాలి. ఉప్పు లేకుండ వట్టి నీళ్ళే మితిమీరి త్రాగితే రక్తములో ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును. వరికోతకు ఉప్పు వేసిన మజ్జిగ పంపించే మన తల్లులకు ఇది ఎవరు నేర్పారో!

సైకిలు సంగతి క్లుప్తముగా. వెడల్పు టైర్లు, లోపల ట్యూబు ఉండదు. పాలవంటి ద్రవము పోస్తారు. ముల్లు గుచ్చుకొంటే అది రంధ్రములోనికి వచ్చి గట్టిపడి మూసివేస్తుంది. మన తుమ్మముండ్ల దారులకు తగినదే.

పాల్గొనగోరువారు ఎక్కువ గనుక చీట్లు తీసినట్లు పేర్లు ఎంపిక చేస్తారు. పేరు వచ్చినవాడు నెలల తరబడి సెలవురోజులలో ఐదారు గంటలు కొండలెక్కుతూ సాధన చేయాలి. ఆ రోజులలో ఇంటి పని ఎవరు చూస్తారు, పిల్లలను ఎవరు చూస్తారు? పందెము నాడు దారిలో నీళ్ళసీసా, తిండి పట్టుకొని గంటల తరబడి ఎదురుచూచేది కూడ తరచు భార్యయో, భర్తయో, పిల్లలో. గనుక పేరు ఇవ్వకముందే ఇంటివారిని అడగాలి.