మందుకు లొంగని బాక్టీరియా, మందు కలిసిన నీరు

యాంటీబయాటిక్ మందులు పనిచేయకుండా పోతున్నాయన్న మాట వచ్చినప్పుడల్లా, చీటీ లేకుండా దుకాణంలో మందు కొనుక్కునే రోగి మీదకో, వైరస్ వల్ల వచ్చిన జలుబుకు కూడా యాంటీబయాటిక్ రాసిచ్చే వైద్యుడి మీదకో నింద పోతుంది. ఆ నిందలో నిజం లేకపోలేదు గానీ, ఇటీవలి దశాబ్దాల పరిశోధనల్లో కొన్ని రోగి శరీరాన్నీ ఆసుపత్రి వార్డునూ దాటి, మందు తయారయ్యే కర్మాగారాల దిగువన పారే వాగు దాకా వెళ్లాయి. వాటిలో ఎంతో ముఖ్యమైనది హైదరాబాదును ఆనుకొని ఉన్న పటాన్‌చెరుకు సంబంధించినది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని లాన్సెట్ పత్రిక 2022లో ప్రచురించిన అంచనాను బట్టి చూస్తే, ఆ వాగు కథ తెలుగువారంతా తెలుసుకోవలసినదే.

మందు తగిలాకనే బాక్టీరియా దానికి అలవాటు పడుతుందని చాలామంది అనుకుంటారు, ఒకప్పుడు శాస్త్రజ్ఞుల్లోనూ ఈ అభిప్రాయం ఉండేది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ దంపతులు 1952లో ఈ సందేహాన్ని ఒక ముఖమల్ గుడ్డతో తీర్చారు. గాజు పళ్లెంలో పెరిగిన బాక్టీరియా గుంపులను దిమ్మెకు బిగించిన ముఖమల్ మీద అద్ది, ఆ అచ్చును స్ట్రెప్టోమైసిన్ కలిపిన మరికొన్ని పళ్లేల మీద ఒత్తినప్పుడు, దాదాపు అన్నీ చచ్చిపోగా బతికిన కొద్దిపాటి గుంపులు పళ్లేలన్నిటిలోనూ అవే చోట్ల కనిపించాయి. మందు తాకిన తర్వాత పుట్టిన మార్పయితే అవి పళ్లేనికొక చోట రావాలి. అన్నిటిలోనూ అక్కడే వచ్చాయంటే, మందు ముఖమే ఎరగని మొదటి పళ్లెంలో ఆ స్థానాల్లో లొంగని కణాలు ముందే ఉన్నాయన్నమాట. జన్యువుల్లో యాదృచ్ఛికంగా వచ్చే ఇటువంటి మార్పును ఉత్పరివర్తన అంటారు. మందు చేసేదల్లా లొంగేవాటిని చంపి, లొంగనివాటికి చోటు ఖాళీ చేసిపెట్టడమే.

ఉత్పరివర్తన ఒక్కటే కారణమైతే ముప్పు ఇంత వేగంగా విస్తరించేది కాదు. రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా బాక్టీరియా, సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ ఒకేసారి లొంగకుండా పోవడాన్ని 1950ల మధ్యకల్లా జపాను వైద్యులు గమనించారు. నాలుగు వేర్వేరు ఉత్పరివర్తనలు ఒకే కణంలో కలిసిరావడం చాలా అరుదు; పైగా అటువంటి రోగుల పేగుల్లోని ఈ.కోలై కూడా ఆ నాలుగింటికీ లొంగేది కాదు. ఈ రెండు జాతులనూ కలిపి పెంచి చూసిన ఒచియాయ్, అకిబాల బృందాలు, మందును తట్టుకునే గుణం ఒకదాని నుంచి మరొకదానికి నేరుగా చేరుతోందని ఆ దశాబ్దం చివర్లో నిరూపించాయి. ఆ గుణాన్ని మోసుకెళ్లేది ప్లాస్మిడ్, అంటే కణంలోని ప్రధాన డీఎన్ఏకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. రోగం కలిగించని బాక్టీరియా దగ్గరున్న జన్యువు రోగకారక బాక్టీరియాకు అందగలదని తేలాక, మట్టిలోనూ మురుగులోనూ ఏ బాక్టీరియా ఏ మందు నడుమ బతుకుతోందన్నది కూడా వైద్యానికి సంబంధించిన ప్రశ్నే అయింది.

పటాన్‌చెరు ప్రాంతంలోని సుమారు 90 బల్క్ డ్రగ్ పరిశ్రమలు, అంటే మాత్రలోకి చేరే అసలు రసాయనాన్ని పెద్దయెత్తున తయారుచేసేవి, తమ వ్యర్థ జలాలను ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపేవి. అక్కడి నుంచి వదిలిన నీరు ఇసుకవాగులో పడి నక్కవాగు, మంజీర మీదుగా గోదావరికి చేరేది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్ బృందం ఆ శుద్ధి చేసిన నీటిని పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మూత్రనాళ ఇన్ఫెక్షన్ల వంటివాటికి వాడే ఈ మందు, మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఎంత పెరిగినా లీటరుకు కొద్ది మిల్లీగ్రాములు మించదు. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ వాగు పాలవుతోందని లెక్కగట్టారు. 500 మిల్లీగ్రాముల మాత్రల్లో చెప్పాలంటే అది 90 వేల మాత్రలు. చుట్టుపక్కల చెరువుల్లోనూ పల్లెల బావుల్లోనూ మందుల ఆనవాళ్లున్నాయని 2009లో వెలువడిన మరో అధ్యయనం తెలిపింది. ఆ బావుల నీళ్లు తోడుకున్నవారు ఏ రోగానికీ ఆ మందు కోరలేదు.

శుద్ధి జరిగే తీరును దగ్గరగా చూస్తేనే అసలు చిక్కు అర్థమవుతుంది. ఇటువంటి కేంద్రాల్లో మురికిని తినేది బాక్టీరియాయే. పెద్ద తొట్లలోకి గాలి పంపుతూ, గోధుమరంగు బురదగా పేరుకునేలా దాన్ని పెంచుతారు. రసాయన వ్యర్థాలతోనే ఆ పని సరిగా సాగదు కనుక పటాన్‌చెరులో ఇళ్ల మురుగునీటిని కూడా కలిపేవారు. మురుగుతో మనుషుల పేగుల్లోని బాక్టీరియా, కర్మాగారాల నీటితో మందు ఒకే తొట్టిలో చేరి రోజుల తరబడి కలిసి ఉండేవి. ఆ కేంద్రంలో సేకరించిన బాక్టీరియా రకాల్లో 86 శాతం, 20 లేదా అంతకు మించిన యాంటీబయాటిక్‌లకు లొంగలేదని 2013లో ప్రచురితమైన పరిశోధన చూపింది. దిగువ నదీ బురదలో అటువంటి జన్యువులతో పాటు వాటిని మోసే ప్లాస్మిడ్లు కూడా మెండుగా ఉన్నట్లు 2011లోనే వెల్లడైంది. ఇది ఎవరో కావాలని చేసింది కాదు. కాలుష్య నియంత్రణ నిబంధనల్లో ఆమ్లత, లవణాలు, నీటిలోని మురికి తినేసే ఆక్సిజన్ వంటి కొలతలున్నాయి గానీ, యాంటీబయాటిక్ అన్న అంశమే లేదు.

అంత మందు ఉంటేనే ప్రమాదమనుకోవడానికీ వీల్లేదు. బాక్టీరియాను చంపలేనంత స్వల్ప మోతాదు, లీటరుకు 0.1 మైక్రోగ్రాము సిప్రోఫ్లాక్సాసిన్ సైతం, లొంగని రకాలదే పైచేయి అయ్యేలా చేస్తుందని స్వీడన్‌లోని ఉప్సాలా పరిశోధకులు 2011లో ప్రయోగపూర్వకంగా చూపారు. పటాన్‌చెరు నీటిలో దొరికింది అంతకు సుమారు మూడు లక్షల రెట్లు. తర్వాతి కాలంలో ఈ నీటిని పైపులైను వేసి మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. ఇసుకవాగుకు అది ఊరటే కావచ్చు గానీ, మందు నగర మురుగులో కలవడానికి మరో దారి తెరిచినట్లే అయింది.

ఔషధ పరిశ్రమల వ్యర్థ జలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసినప్పుడు, ప్రపంచానికే దారి చూపే అడుగు పడిందని పలువురు సంతోషించారు. 2021లో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయమై మార్గదర్శకాలు వెలువరించింది గానీ, వాటికి చట్టబలం లేదు. అన్నీ కలిసిపోయాక ఉమ్మడి కేంద్రం వెలుపల కొలిస్తే ఏ మందు ఏ కర్మాగారానిదో తేలదు కనుక, ప్రతి కర్మాగారం గేటు దగ్గర, మురుగుతో కలవకముందే కొలత జరగాలి. ఆ ఫలితాలు దిగువ ఊళ్లవారు చదువుకోగలిగేలా తెలుగులో బయటికి రావాలి.