గవర్నరు వీటో - శాసనసభ పునరామోదం

శాసనసభ ఆమోదించిన బిల్లుకు కార్యనిర్వాహక అధిపతి సమ్మతిని నిరాకరించే అధికారాన్ని వీటో అంటారు. సభ ఆ బిల్లును మళ్ళీ ఆమోదించి చట్టంగా చేయగలగడమే వీటోను అధిగమించడం. అమెరికాలో ఇందుకు కాంగ్రెసు ఉభయసభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. భారతదేశంలో సాధారణ మెజారిటీ చాలు. అయితే బిల్లు సభకు తిరిగి వచ్చినప్పుడే ఆ అవకాశం కలుగుతుంది.

రాజ్యాంగ నిబంధనలు

200వ అధికరణం ప్రకారం గవర్నరు బిల్లుకు సమ్మతి తెలపవచ్చు, సమ్మతిని నిలిపివేయవచ్చు, లేదా రాష్ట్రపతి పరిశీలనకు పంపవచ్చు. ద్రవ్య బిల్లు కానిదానిని వీలైనంత త్వరగా పునఃపరిశీలనకు తిప్పిపంపవచ్చు. సభ దానిని సవరణలతో గాని, యథాతథంగా గాని మళ్ళీ ఆమోదిస్తే గవర్నరు సమ్మతిని నిలిపివేయరాదు.

పార్లమెంటు బిల్లుల విషయంలో 111వ అధికరణం రాష్ట్రపతికి ఇటువంటి నియమాన్నే విధించింది. లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం 2006 మే నెలలో తిప్పిపంపారు. పార్లమెంటు మార్పు లేకుండా మళ్ళీ ఆమోదించగా, ఆగస్టులో సంతకం చేశారు.

గవర్నరు రాష్ట్రపతికి పంపిన బిల్లులకు 201వ అధికరణం వర్తిస్తుంది. వీటిని శాసనసభ మళ్ళీ ఆమోదించినా సమ్మతి తెలపాలన్న నిర్బంధం రాష్ట్రపతికి లేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు రాష్ట్రపతి సమ్మతి లభించక చట్టం కాలేదు.

తెలంగాణ ఉదాహరణ

పది బిల్లులు గవర్నరు తమిళిసై సౌందరరాజన్ వద్ద పెండింగులో ఉన్నాయంటూ తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. విచారణ సాగుతుండగానే గవర్నరు కొన్నిటిని ఆమోదించారు, కొన్నిటిని రాష్ట్రపతికి పంపారు, మరికొన్నిటిని తిప్పిపంపారు. ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు పిటిషనును ముగిస్తూ, 200వ అధికరణంలోని "వీలైనంత త్వరగా" అన్న మాటలను గవర్నర్లు దృష్టిలో ఉంచుకోవాలని పేర్కొన్నది. తిప్పిపంపిన బిల్లులను శాసనసభ ఆగస్టు సమావేశాల్లో మళ్ళీ ఆమోదించింది. అధికార పక్షానికి కావలసిన సంఖ్యాబలం మొదటినుంచీ ఉన్నది. బిల్లులు రాజభవన్‌లో ఉన్నంతకాలం ఆ బలం వినియోగానికి రాలేదు.

సుప్రీంకోర్టు తీర్పులు

సమ్మతిని నిలిపివేసిన గవర్నరు బిల్లును సభకు తిప్పిపంపవలసిందేనని పంజాబు కేసులో 2023 నవంబరు 10న తీర్పు వచ్చింది. తమిళనాడు శాసనసభ రెండవసారి ఆమోదించిన పది బిల్లులకు సమ్మతి లభించినట్లే భావించాలని 2025 ఏప్రిల్ 8న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది.

ఆ తరువాత రాష్ట్రపతి సుప్రీంకోర్టు అభిప్రాయం కోరారు. న్యాయస్థానాలు గడువులు విధించరాదని, సమ్మతి లభించినట్లు భావించడం రాజ్యాంగ సమ్మతం కాదని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 20న తెలిపింది. తిప్పిపంపకుండా బిల్లును నిలిపివేసే అధికారం మాత్రం గవర్నరుకు లేదన్నది. కారణం చెప్పకుండా దీర్ఘకాలం జాప్యం చేస్తే, నిర్ణయం తీసుకోవాలని మాత్రమే న్యాయస్థానం ఆదేశించవచ్చు.

ఈ విధంగా శాసనసభకు పునరామోద హక్కు ఉన్నప్పటికీ, దానిని ఎప్పుడు వినియోగించుకోగలదన్నది గవర్నరు నిర్ణయం తీసుకునే వేగంపై ఆధారపడి ఉంటుంది.