నీడ దక్షిణానికి పడే రోజులు

అచ్యుతాపురం జంక్షన్‌లో బస్సు కోసం కదలకుండా నిలబడ్డ మనిషి కూడా గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంటాడు. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం అది. భూమధ్యరేఖ మీద అయితే 1,670, ధ్రువాల దగ్గర సున్నా. మన ఊరు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక ఆ కాస్త తగ్గింది. పగలూ రాత్రీ ఈ తిరుగుడు వల్లే వస్తున్నాయి. శ్రీహరికోట నుంచి తూర్పుగా ఎగిరే రాకెట్‌కు నేల విడవకముందే సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే దొరికేది కూడా అందువల్లే.

మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఇక్కడికి ఎంతో దూరంలో లేదు. తుని పక్క నుంచే పోతుంది. అచ్యుతాపురం దానికి అర డిగ్రీ తూర్పున ఉంది కాబట్టి సూర్యుడు తుని కంటే ఇక్కడ రెండు నిమిషాలు ముందే నడిమింటికి వస్తాడు. ముంబయిలో మధ్యాహ్నం అవడానికి ఆ తర్వాత ఇంకో 40 నిమిషాలు పడుతుంది.

ఇక నీడల సంగతి. ఇది మాత్రం ప్రతి బడి ఆవరణలోనూ పిల్లల చేత చేయించి తీరాల్సిన పని. మీటరు పొడవున్న కర్రను చదునైన నేలలో నిలువుగా పాతండి. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం దాని నీడ ఉత్తరానికి 87 సెంటీమీటర్లు పడుతుంది. సంక్రాంతి, శివరాత్రి, ఉగాది దాటుతుంటే నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుంటూ వచ్చి, మే 10 ప్రాంతంలో ఒకరోజు 11 గంటల 54 నిమిషాల వేళ పూర్తిగా మాయమవుతుంది. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మర్నాటి నుంచి విచిత్రం మొదలవుతుంది. మధ్యాహ్నపు నీడ దక్షిణానికి పడుతుంది! జూన్ 21 నాటికి అది 10 సెంటీమీటర్లు ఉంటుంది. అంటే ఆ రోజుల్లో నడిపొద్దు వేళ సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. భూమి ఇరుసు 23.4 డిగ్రీలు ఒరిగి ఉందనడానికి మన వాకిట్లోనే దొరికే రుజువు ఇది. ఢిల్లీ వాళ్లకు ఈ వేడుక ఏనాడూ దక్కదు. కర్కటరేఖకు పైన ఉన్న ఊళ్లలో సూర్యుడు నడినెత్తికి రానే రాడు.

నీడ మాయమయ్యే రోజు ఏడాదికి రెండుసార్లు వస్తుంది. రెండోది ఆగస్టు 2 ప్రాంతంలో. దాన్ని గమనించే వాళ్లు తక్కువ, అప్పటికి ఆకాశం నిండా వర్షాకాలపు మబ్బులే కదా. మనకు ఎండలు మేలో ముదిరి, సూర్యుడు ఇంకా ఉత్తరానికి పోయే జూన్‌లోనే తగ్గుముఖం పట్టడానికి కూడా ఆ మబ్బులే కారణం.

పగటి పొడవులో తేడా మన దగ్గర పెద్దగా ఉండదు. జూన్ చివర్లో 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో 11 గంటల 5 నిమిషాలు. అయితే పొద్దు అన్నిటికంటే పెందలాడే గుంకేది డిసెంబరు 21న అనుకుంటే పొరపాటు. నవంబరు నాలుగో వారంలోనే 5 గంటల 20 నిమిషాలకు గుంకేస్తుంది. పొద్దు అన్నిటికంటే ఆలస్యంగా పొడిచేది సంక్రాంతి వెళ్లాక, జనవరి మూడో వారంలో, ఆరున్నరకు. తెల్లవారుజామున షిఫ్టుకు బయల్దేరే వాళ్లకు ఆ చీకటి బాగా తెలుసు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి నిండు వృత్తం కాదు, పైగా ఇరుసు వాలి ఉంది. ఈ రెండూ కలిసి మిట్టమధ్యాహ్నాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతాయి. నవంబరు మొదట్లో మనకు అసలు మధ్యాహ్నం 11 గంటల 42 నిమిషాలకే అయిపోతుంది. ఫిబ్రవరిలో 12 దాటి 12 నిమిషాలకు గానీ కాదు.

పూడిమడక ఒడ్డున నిలబడి పొద్దుపొడుపు చూసేవారు ఏడాది పొడవునా ఒకేచోట చూపు నిలిపితే లాభం లేదు. డిసెంబరులో సూర్యుడు తూర్పుకు కుడివైపున 25 డిగ్రీలు జరిగి సముద్రంలోంచి లేస్తాడు. జూన్‌లో అంతే దూరం ఎడమకు, గంగవరం దిక్కుకు జరుగుతాడు. సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 20, సెప్టెంబరు 22 ప్రాంతాల్లోనే.

ఈ రాకపోకల లెక్కను రాతిలో నిలిపిన గుడి ఉత్తరాంధ్రలోనే ఉంది. శ్రీకాకుళం పక్కన అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో లేత కిరణాలు స్వామి పాదాలను తాకేది మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో. ఏమిటీ తేదీల సంబంధం? ఉత్తరానికి వెళ్తూ మార్చిలో సూర్యుడు ఏ చోట పొడిచాడో, దక్షిణానికి తిరిగొస్తూ అక్టోబరు మొదట్లో దాదాపు అదే చోట పొడుస్తాడు. తూర్పుకు రవ్వంత కుడిగా ఉన్న ఆ చోటు నుంచి వచ్చే వెలుగు ద్వారాలన్నీ దాటి గర్భగుడిలోకి సూటిగా పోతుంది. కట్టిన వారి ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

సూర్యుడికి దగ్గరయితే వేసవి, దూరమైతే చలికాలం అనుకునే వాళ్లు పెద్ద చదువులు చదివిన వాళ్లలోనూ ఉన్నారు. భోగి మంటల చుట్టూ చేరి చలి కాచుకునే జనవరిలోనే భూమి సూర్యుడికి అతి దగ్గరగా, 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జూలై మొదట్లో 15 కోట్ల 21 లక్షలు. రుతువులకు కారణం దూరం కాదు, ఇరుసు వాలే. ఆ వాలు కూడా ఒక్కోచోట మరో తోడు తెచ్చుకుంటుంది. లంబసింగికీ అచ్యుతాపురానికీ అక్షాంశంలో తేడా కొద్దిపాటిదే, జనవరి సూర్యుడు రెండు చోట్లా ఇంచుమించు అదే ఎత్తులో ఉంటాడు. అక్కడ గడ్డకట్టే చలి, ఇక్కడ పలచటి దుప్పటి చాలు. ఆ తేడా కొండ ఎత్తుదీ సముద్రానిదీ.

సూర్యుడు ఉత్తరానికి రాగానే నేల కాగి, దక్షిణార్ధగోళపు గాలులను ఇటు లాగుతుంది. అవి భూమధ్యరేఖ దాటాక భూభ్రమణం వల్ల కుడికి వంగి నైరుతి రుతుపవనాలవుతాయి. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడ్డ హుద్‌హుద్ గడియారం ముల్లుకు ఎదురుగా తిరిగిందీ ఆ భ్రమణం వల్లే. ఉత్తరార్ధగోళంలో ఏ తుపాను సుడి అయినా అటే తిరుగుతుంది. కొండకర్ల ఆవకు శీతాకాలంలో వలస పక్షులు రావడమూ ఇరుసు వాలు చలవే. ఉత్తరాదిన పగళ్లు కుదించుకుపోయి మేత కరువైతే అవి ఇటు దిగుతాయి.

భూమి తిరుగుడును కొలిచి ఊరందరికీ వేళ చెప్పిన మనిషి విశాఖలో ఉండేవారు. గోడే వెంకట జగ్గారావు మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖలో సొంతంగా వేధశాల పెట్టారు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద జెండా కర్ర నిలిపి, రోజూ నిర్ణీత వేళకు జెండా దించేవారు. ఊళ్లో వాళ్లు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు. విశాఖ పేరు చెబితే ఓడరేవు, ఉక్కు గుర్తొచ్చినట్టే ఈ మామా అల్లుళ్లూ గుర్తు రావాలి.

భూమి నిజానికి ఒక చుట్టు తిరిగేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలో. ఈలోగా తన కక్ష్యలో కొంత ముందుకు జరుగుతుంది కనుక సూర్యుడి ఎదుటికి మళ్లీ రావడానికి మరో నాలుగు నిమిషాలు కావాలి. భూమి అలా ముందుకు జరగడం వల్లే సూర్యుడు రోజుకు ఒక డిగ్రీ చొప్పున నక్షత్రాల మధ్య జరిగినట్టు కనిపిస్తాడు. 27 నక్షత్రాల్లో ఒక్కోదానిలో 13, 14 రోజులు. మన రైతుల కార్తెలు ఇవే. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. కార్తె చూసి విత్తనం వేసే రైతు భూమి తన కక్ష్యలో ఏ చోటికి చేరిందో చూసుకుంటున్నాడన్న మాట.

కానీ నక్షత్రాల లెక్కకూ రుతువుల లెక్కకూ చిన్న ఎడం ఉంది. భూమి ఇరుసు ఆకాశంలో చూపే దిక్కు కూడా మెల్లగా తిరుగుతుంది, ఒక చుట్టుకు సుమారు 25,800 ఏళ్లు పడుతుంది. అందువల్ల నక్షత్రాల లెక్కతో వచ్చే పెద్ద పండగ సంక్రాంతి 72 ఏళ్లకు ఒకరోజు చొప్పున వెనక పడుతోంది. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో అయితే మనం ఉత్తరాయణ పుణ్యకాలం జరుపుకునేది జనవరి 14, 15న. ఈ రెండూ ఒకేరోజు కలిసి సుమారు 1,700 ఏళ్లయింది. 2100 దాటాక సంక్రాంతి 15, 16 తేదీలకు జరుగుతుంది. ఇదే లెక్క సాగితే మరో 4,700 ఏళ్లకు మార్చి 20 దగ్గరికి చేరుతుంది. అప్పటికి భోగి మంట వేయడానికి చలే ఉండదు.